బదులు మనిషి ఇంగ్లీషు

నీళ్ళాయన ఎక్కడ పనిచేస్తాడని ఆ వీధుల్లో ఏ ఇంటి తలుపు తట్టి అడిగినా ఒకటే జవాబు వచ్చేది: "ఇంకెక్కడ, నీళ్ళాఫీసులో!" ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు అడిగినవాణ్ణి ఎగాదిగా చూసేవారు కూడా. తెలతెలవారుతుండగా సైకిల్ మీద వచ్చి, రోడ్డు మధ్యనున్న ఇనప మూత లేపి, భుజాల ఎత్తున్న కడ్డీని గోతిలోకి దించి, కాళ్ళు ఎడంగా పెట్టి వాల్వు తిప్పేవాడు. తిప్పాక వంగి చెవి ఒగ్గి వినేవాడు. ముందు పైపులో గాలి బుసకొడుతుంది, తర్వాత దగ్గుతుంది, ఆ దగ్గు ఆగాక గానీ నీళ్ళు కదలవు. ఏ వీధికి ఎన్ని చుట్లు తిప్పితే చివరి ఇంటి కొళాయి దాకా ధార అందుతుందో అతని చేతులకి తెలుసు. ఏ ఇంట్లో దొంగ మోటారు పెట్టి లాగుతున్నారో చెవులకి తెలుసు.

ఒక్క నీళ్ళాఫీసు లెక్కల్లోనే అతను లేడు. అక్కడ ఉన్నది అతని తోడల్లుడు. వాల్వు ఆపరేటర్ ఉద్యోగం తోడల్లుడిది, జీతం తోడల్లుడిది, సెలవులూ బోనసూ తోడల్లుడివి. చలిలో లేవడం, బురదలో దిగడం, నీళ్ళు రాని వీధి చేత తిట్లు తినడం, ఇవి మాత్రం ఇతనివి. తోడల్లుడు ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకే మెయిన్ రోడ్డులో పైపుల దుకాణం పెట్టాడు. నడుస్తున్న దుకాణం వదిలేసి వాల్వులు తిప్పుకుంటూ తిరగడానికి ఆయనకేమైనా పిచ్చా? కొత్తగా పెళ్ళయి, పని కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్న మరదలి మొగుణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నా బదులు నువ్వెళ్ళు తమ్ముడూ. జీతంలో మూడో వంతు నీది. మనం మనం ఒకటి. నలుగురి కళ్ళలో పడి నువ్వక్కడ పాతుకుపో. నేను దిగిపోయే రోజున ఆ పోస్టులో నిన్ను కూర్చోబెట్టే పూచీ నాది" అన్నాడు.

అరచేతిలో వైకుంఠం చూపించడమంటే అదే. ఆ అరచేతిని చూస్తూ అతను ఇరవై ఏళ్ళకి దగ్గరగా గడిపేశాడు. మేస్త్రికీ, హెడ్ క్లర్కుకీ ముట్టవలసింది ముట్టేది కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. తోడల్లుడు నెలకోసారి వచ్చి, సంతకాలన్నీ ఒక్క ఊపున పెట్టేసి, అందరికీ టీ తాగించి వెళ్ళేవాడు. ఆఫీసులో ఇతన్ని "బదులు" అని పిలిచేవారు. "ఒరే బదులూ, ఆ మూత తియ్యి." "బదులూ, ఫ్యాను కింద నా కుర్చీ వెయ్యి." మొదట్లో వేళాకోళానికి అన్నారు, తర్వాత్తర్వాత అదే పేరైపోయింది.

దానికి అతను బాధపడలేదని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ప్రతిసారీ బాధపడ్డాడు. కానీ పోస్టు ఉందిగా ముందు, అనుకున్నాడు. జీతాలిచ్చే రోజున మిగతావాళ్ళతో పాటు బెంచీ మీద కూర్చుని తన పేరు పిలిచేదాకా ఎదురుచూడాలని అతని కోరిక. ఆ కోరిక ఎంత చిన్నదో చూస్తే ఒళ్ళు మండుతుంది గానీ, అతనికి అది చిన్నదిగా అనిపించేది కాదు. తను పోయాక భార్యకి పెన్షన్ వస్తుంది, కూతురు బళ్ళో తండ్రి ఉద్యోగం అన్నచోట తడుముకోకుండా రాస్తుంది. ఇంతకంటే అతను ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఈ సంగతులేవీ కొత్తగా వచ్చిన మేడమ్‌కి తెలియవు. ఆవిడ పెద్ద చదువులు చదివిన ఆఫీసరు. వచ్చీ రాగానే స్టాఫునందర్నీ మీటర్లు బాగుచేసే షెడ్డులోకి పిలిచి ఒక కబురు చెప్పింది. కొత్త ట్యాంకు కట్టడానికి డబ్బిచ్చే సంస్థ పెద్దలు తనిఖీకి వస్తున్నారు. వాళ్ళకి తెలుగు రాదు. ఆఫీసర్లు చెప్పేది వాళ్ళు నమ్మరు, పనివాళ్ళనే నేరుగా అడుగుతారు. ఎక్కడ పనిచేస్తారు, ఏం పని చేస్తారు అన్న రెండు ముక్కలూ ప్రతి ఒక్కరూ ఇంగ్లీషులో చెప్పగలగాలి. నేర్పించడానికి ఒక మాస్టార్ని మాట్లాడింది.

మేస్త్రి ఆ సాయంత్రమే పైపుల దుకాణానికి పరిగెత్తాడు. తోడల్లుడు నవ్వి తేలిగ్గా కొట్టిపారేశాడు. "ఈ వయసులో నాకు ఇంగ్లీషేంటయ్యా? వాల్వులు తిప్పేవాడే ఇంగ్లీషు కూడా తిప్పుతాడు. మేడమ్ నా మొహం చూడలేదుగా, నా పేరు చెప్పుకుని తమ్ముడే కూర్చుంటాడు."

అలా అతను తోడల్లుడి పేరు మీద షెడ్డులో బల్ల ఎక్కాడు. ఇంగ్లీషు మాస్టారు బక్కపల్చటి మనిషి, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆయనకి జాలి అన్న మాటకి ఇంగ్లీషు తెలిసుండొచ్చు, అర్థం మాత్రం తెలియదు. మొదటి రోజు సుద్దముక్క పట్టుకుని అందర్నీ ఒకటే ప్రశ్న అడిగాడు: "వేర్ డూ యూ వర్క్?"

తెలుగులో ఈ గొడవ లేదు. ఆఫీసులో పనిచేస్తాం, పొలంలో పనిచేస్తాం, ఒకరి దగ్గర పనిచేస్తాం, ఇంకా మాట్లాడితే ఒకరి కింద పనిచేస్తాం. సగం పనులు "లో" ఒక్కటే చక్కబెట్టేస్తుంది. అందుకని అందరూ "లో"ని పట్టుకెళ్ళి "ఇన్"లో పడేశారు. ముందు మేస్త్రి లేచాడు.

"అయ్ వర్క్ ఇన్ పైప్."

"పైపులో దూరి పనిచేస్తావా? ఆ పొట్టతోనా?" అన్నాడు మాస్టారు. షెడ్డంతా గొల్లుమంది. పంపు ఆపరేటరు జాగ్రత్తపడి "ఇన్" వదిలేశాడు. "అయ్ వర్క్ ఆన్ పంప్ హౌస్" అన్నాడు. "కప్పు మీదెక్కి ఏం చేస్తావయ్యా, కాకుల్ని తోలుతావా?" అని అతన్నీ కూర్చోబెట్టాడు. మీటరు రీడరు "అండర్ మేడమ్" అన్నాడు. దానికి మాస్టారు ఏమీ అనకుండా నవ్విన నవ్వుకి మీటరు రీడరు చెవులు ఎర్రబడ్డాయి.

అందరి గాలీ తీశాక బోర్డు మీద రాశాడు. "ఊరికే చోటు చెప్పి ఊరుకోవాలంటే ఎట్. ఎట్ ది వాటర్ ఆఫీస్. నాలుగ్గోడల మధ్య అని చెప్పాలంటే ఇన్. ఇన్ ది పంప్ హౌస్. లైను వెంట తిరిగేవాడు ఆన్ ది లైన్. జీతం ఎవరిస్తే వాళ్ళ పేరు ముందు ఫర్. పక్కన సమానంగా కూర్చుని పనిచేస్తే విత్. ఈ విత్ మీకు అక్కర్లేదు, అది ఆఫీసర్లు వాడుకునే మాట."

తర్వాత ఇతన్ని లేపాడు. ఇతను శ్రద్ధగా విన్నాడు కాబట్టి "అయ్ వర్క్ ఎట్ ది వాటర్ ఆఫీస్" అని తప్పు లేకుండా అన్నాడు. మాస్టారి కళ్ళు చిన్నవయ్యాయి. దొరక్కుండా జవాబు చెప్పినవాడు ఆయనకి గిట్టడు.

"ఫర్ పెట్టి చెప్పు. నీకు జీతమిచ్చేదెవరు?"

అతను నీళ్ళు నమిలాడు. ఇందాకటి పొట్ట మాట మనసులో పెట్టుకున్న మేస్త్రి ఆ కసి ఇతని మీద తీర్చుకున్నాడు. "చెప్పరా బదులూ! ఫర్ తోడల్లుడు అను!"

ఈసారి నవ్వు రేకులు అదిరేలా లేచింది. సంగతేమిటని మాస్టారు అడిగితే మీటరు రీడరు లేచెళ్ళి చెవిలో ఊదాడు. విన్నాక మాస్టారు అందరికంటే ఎక్కువ నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయితే నీకు ఎట్టూ లేదు, ఇన్నూ లేదయ్యా. ఇన్‌స్టెడ్ ఆఫ్ అని ఇంకో మాటుంది. ఫలానావాడి బదులు అని. అది నీ కోసమే పుట్టింది, నువ్వే వాడుకో."

ఆ రోజు నుంచి షెడ్డులో అతను "ఇన్‌స్టెడ్". ఇరవై ఏళ్ళు తెలుగులో పడ్డ మాట ఇంగ్లీషులో కూడా వచ్చి మీద పడింది. అతను తలొంచుకుని బల్ల మీద ఉన్న మీటరు ముల్లుని వేలితో తిప్పుతూ కూర్చున్నాడు. లేచిపోవాలనిపించింది. లేస్తే తోడల్లుడి పేరు పోతుంది, ఆ పేరు పోతే పోస్టు పోతుంది, అందుకని లేవలేదు.

ఇంటికొచ్చి కూతురికి సగమే చెప్పాడు. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల ఇంగ్లీషులో గట్టిది. తండ్రికి పాఠం చెప్పే అవకాశం దొరికేసరికి ఆ పిల్ల ఉత్సాహానికి పట్టపగ్గాలు లేవు. చాప మీద ఎదురుగా కూర్చోబెట్టుకుని, వేలు చూపిస్తూ మొదలుపెట్టింది.

"నాన్నా, నువ్వు ఎప్పుడూ ఆఫీసులోనే ఉంటావా, బయట తిరుగుతావా?"

"రెండూనే తల్లీ. నిజానికి బయటే ఎక్కువ."

"అయితే ఇన్ వద్దు. ఎట్ పెట్టు. ఎట్ అంటే ఎవరూ లోపలికి తొంగిచూడరు."

ఆ మాట అతనికి ఎంత ఊరటనిచ్చిందో ఆ పిల్లకి తెలియదు. రోజూ సాయంత్రం కూర్చునేవారు. భార్య వంటింట్లోంచి "ఇంగ్లీషులో తిడితే నీళ్ళేమైనా తొందరగా వస్తాయేమో కనుక్కోండి" అని ఆటపట్టించేది. అతను నవ్వేవాడు. పొద్దున్న వాల్వు తిప్పుతూ గోతిలోకి వంగి పాఠం అప్పచెప్పేవాడు: "అయ్ వర్క్ ఎట్ ది వాటర్ ఆఫీస్. అయ్ యామ్ ఆన్ ది లైన్ ఎవ్రీ మార్నింగ్. పీపుల్ ఇన్ దిస్ స్ట్రీట్ వెయిట్ ఫర్ మీ." బిందె పట్టుకొచ్చిన ఒకావిడ "ఏం నీళ్ళాయనా, పైపుతో మాట్లాడుతున్నావు?" అంటే సిగ్గుపడ్డాడు. ఆ చివరి వాక్యం అతనికి ప్రాణం. వీధి వీధంతా తన కోసం ఎదురుచూస్తోందని ఇంగ్లీషులో అంటే మరీ నిజంలా వినిపించేది.

ఆఖరి క్లాసుకి మేడమ్ స్వయంగా వచ్చి ఒక మాట అన్నది. "తనిఖీ రోజున ఎవరు బాగా మాట్లాడితే వాళ్ళ కోరిక ఒకటి తీరుస్తాను. నా చేతుల్లో ఉన్నది ఏదైనా సరే. నేను మాటిచ్చానంటే తప్పను."

క్లాసు అవగానే అతను సైకిలు నేరుగా పైపుల దుకాణానికి తొక్కాడు.

"అన్నయ్యా, ఇదే సమయం. నేను బాగా మాట్లాడతాను, ఆ నమ్మకం నాకుంది. మేడమ్ మాటిచ్చింది. నువ్వూ దిగిపోయే వయసుకొచ్చావు. ఆ పోస్టు నాకిప్పించమని అడుగుదాం" అన్నాడు. ఇరవై ఏళ్ళలో అతను అంత పొడుగు మాట తోడల్లుడి ముందు మాట్లాడటం అదే మొదటిసారి.

తోడల్లుడు పైపులు కొలిచే టేపు చుట్టి పక్కన పెట్టాడు. కాసేపు ఆలోచించి, మొహం విప్పార్చుకుని భుజం మీద చెయ్యేశాడు. "నేనూ అదే అనుకుంటున్నా తమ్ముడూ. ముందు తనిఖీ కానీ. నా పేరు మీదే మాట్లాడు. ఆ తర్వాత ఇద్దరం కలిసి మేడమ్ దగ్గరికెళ్దాం. నేను దిగిపోతున్నానమ్మా, ఇతన్ని పెట్టుకోండమ్మా అని నా నోటితో నేనే చెప్తా. తొందరపడి నువ్వొక్కడివే నోరు జారావనుకో, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

ఇద్దరి ఉద్యోగాలు! ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే ఇంటికొచ్చేదాకా దాన్నే చప్పరించుకుంటూ వచ్చాడు. భార్యకి చెప్పాడు, కూతురికి చెప్పాడు. కూతురు చప్పట్లు కొట్టింది. రెండు రోజుల తర్వాత భార్య వాళ్ళక్క ఇంటికెళ్ళి వచ్చింది. వచ్చాక కొంచెం ముభావంగా ఉంది గానీ, అతనికి ఆ ధ్యాసెక్కడిది?

తనిఖీ రోజున వచ్చినవాళ్ళలో పెద్దావిడ పొడుగాటి మనిషి, టోపీ పెట్టుకుంది. మేడమ్ వరసగా ఒక్కొక్కర్నీ ముందుకి పిలిచింది. మేస్త్రి "అయ్ వర్క్... అయ్ వర్క్..." అని రెండుసార్లు మింగి, చివరికి మళ్ళీ "ఇన్ పైప్" అనే అన్నాడు. వచ్చినవాళ్ళు మర్యాదగా నవ్వారు. మేడమ్ మొహం మాడిపోయింది. పంపు ఆపరేటరు నోరే తెరవలేదు.

అప్పుడు ఇతన్ని వీధిలోకి తీసుకెళ్ళారు. ఇతను కడ్డీ దించి, వాల్వు తిప్పి, నిటారుగా నిలబడి చెప్పాడు. ఎట్ ఎక్కడుండాలో అక్కడుంది, ఆన్ ఎక్కడుండాలో అక్కడుంది. పెద్దావిడ కనుబొమలెగరేసి దగ్గరికొచ్చింది. ఎన్నేళ్ళ నుంచి అంటే ఇరవై ఏళ్ళకి దగ్గరగా, ఈ వాల్వుల దగ్గరే అన్నాడు. తర్వాత ఆవిడ పాఠంలో లేనిది అడిగింది. నువ్వు ఎవరి కోసం పనిచేస్తున్నావని.

హెడ్ క్లర్కు అటు తిరిగి దగ్గాడు. తోడల్లుడి పేరు చెప్పకూడదు. ఆఫీసు పేరు చెబుదామంటే నోరు రాలేదు. ఆఫీసు అతనికి ఏనాడూ ఒక్క పైసా ఇవ్వలేదు. ఎటూ పాలుపోక, కొళాయి దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్ళ వైపు చెయ్యి చూపించి "ఫర్ దీజ్ పీపుల్" అన్నాడు.

ఆ మాట ఎంత గొప్పగా ఉందోనని వచ్చినవాళ్ళు రాసుకున్నారు. కడ్డీ చేతిలో ఉండగానే ఫోటో తీసుకున్నారు. గతిలేక అన్న మాటకి అంత మర్యాద జరగడం అతను జీవితంలో మొదటిసారి చూశాడు.

వాళ్ళ కార్లు వెళ్ళాక మేడమ్ అతన్ని గదిలోకి పిలిచింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "ట్యాంకు ఖాయమైనట్టే. ఇదంతా మీ చలవే. చెప్పండి, ఏం కావాలి మీకు?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. తోడల్లుడు చెప్పింది గుర్తొచ్చి ఆగిపోయాడు. "మా ఇంట్లోవాళ్ళతో కలిసొచ్చి అడుగుతానండీ. ఒక్క నాలుగు రోజులు ఆగండి" అన్నాడు. అప్పుడే అడిగేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. అడగలేదు, అంతే.

తోడల్లుడికి ఆ నాలుగు రోజులూ తీరిక దొరకలేదు. ఒకరోజు సరుకు దిగుతోందన్నాడు, ఒకరోజు నడుం నొప్పన్నాడు. సోమవారం పొద్దున్న ఇతను వాల్వులు ముగించుకుని ఆఫీసుకొచ్చేసరికి అక్కడ మేస్త్రి మిఠాయి డబ్బా పట్టుకుని అందరికీ పంచుతున్నాడు. పక్కన తోడల్లుడి కొడుకు ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. ఇతను మిఠాయి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు కూడా.

"ఏంటి విశేషం?"

"మనవాడికి ఉద్యోగమొచ్చింది" అన్నాడు మేస్త్రి.

"అబ్బో! ఎక్కడరా అబ్బాయ్?"

కుర్రాడు చెప్పులకేసి చూసుకున్నాడు. మేస్త్రే చెప్పాడు. "ఇక్కడే. వాల్వు ఆపరేటరు. వాళ్ళ నాన్న పోస్టులో."

నోట్లో మిఠాయి నోట్లోనే ఉండిపోయింది. దాన్ని మింగాడో ఊశాడో అతనికే గుర్తులేదు. చీటీ పంపకుండా, తలుపు తట్టకుండా, తిన్నగా మేడమ్ గదిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ ఏమీ అనుకోకుండా నవ్వుతూ పలకరించింది.

"రండి, రండి. మీ కోరిక తీర్చేశానుగా! మీ అబ్బాయికి ఆర్డరు నా చేత్తోనే ఇచ్చాను. మీరు గుండె జబ్బుతో దిగిపోతున్నారని అర్జీలో చదివి ఎంత బాధపడ్డానో. అందుకే ఆ రోజు అడగడానికి మొహమాటపడ్డారని అప్పుడర్థమైంది. హెడ్ క్లర్కు కాగితం పెట్టగానే సంతకం చేసేశాను."

"నాకు జబ్బేమీ లేదండీ" అన్నాడతను. "ఆ అబ్బాయి నా కొడుకూ కాదండీ."

చెప్పాడు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కటి కూడా దాచకుండా చెప్పాడు. వింటున్నకొద్దీ మేడమ్ మొహంలో నవ్వు ఇంకిపోయింది. బెల్లు కొట్టి హెడ్ క్లర్కునీ మేస్త్రినీ పిలిపించింది.

"ఈ మనిషెవరు?"

హెడ్ క్లర్కు తడుముకోలేదు. "ఎవరో బయటి మనిషండీ. టీలు అవీ తెచ్చిపెడుతుంటాడు."

"మేస్త్రీ, నువ్వు చెప్పు" అన్నాడతను. "మెయిన్ పైపు పగిలిన రోజున నీ పక్కన మెడలోతు బురదలో దిగిందెవరు? నువ్వు జారిపోతుంటే చొక్కా పట్టుకుని లాగిందెవరు?"

మేస్త్రి ఫ్యాను వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. ఇతని వైపు మాత్రం చూడలేదు. "క్లర్కు గారు చెప్పిందేనండీ" అన్నాడు.

వాళ్ళిద్దర్నీ బయటికి పంపి మేడమ్ తలుపు వేసింది. "నేను పిచ్చిదాన్ని కాదు. నువ్వు చెప్పిందే నిజమని నాకు తెలుస్తోంది" అంది. ఇందాకటి మీరు కాస్తా నువ్వు అయింది. అయినా నిజమన్న మాట వినగానే అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కానీ రిపోర్టు వెళ్ళిపోయింది. అందులో నీ ఫోటో ఉంది, కింద మీ తోడల్లుడి పేరుంది. ఇప్పుడు కాదంటే ట్యాంకు పోతుంది, దాంతో నేనూ పోతాను. నువ్వు ఇక్కడ పనిచేయడం లేదు. ఎప్పుడూ చేయలేదు. ఇంకోసారి ఆ మాట ఎక్కడైనా అన్నావంటే పోలీసులకి అప్పజెప్తా. ఇంకొకడి పేరు చెప్పుకుని తిరిగింది నువ్వు, ముందు లోపలికి పోయేది నువ్వే."

"ఆ రోజు మాట్లాడింది నేనండీ" అన్నాడు.

"బాగా మాట్లాడావు. ఇక వెళ్ళు" అని ఆవిడ ముందున్న కాగితాలు దగ్గరికి లాక్కుంది.

పట్టపగలు ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి భార్య ఏమీ అడగలేదు. అతను గుమ్మంలో కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. ఏరడం ఆపలేదు. ఆ వేళ్ళకేసి చూస్తూ ఉంటే అతనికి మెల్లగా అర్థమైంది.

"నీకు తెలుసా?"

"అక్క చెప్పింది."

"ఎప్పుడు?"

"తనిఖీకి ముందే. ఆ రోజు వెళ్ళొచ్చానుగా." ఆమె గొంతులో తప్పు చేసిన బెదురు లేదు, బాగా ఆలోచించుకున్న మనిషి నింపాదితనమే ఉంది. "చెప్తే మీరు సరిగ్గా మాట్లాడరని బావగారన్నారు. మీరు మాట్లాడకపోతే మేడమ్ ఇవ్వదు. మేడమ్ ఇవ్వకపోతే ఆ పోస్టు బయటివాళ్ళకి పోతుంది. అప్పుడు మనకి ఆ మూడో వంతు కూడా ఉండదు. నన్నేం చేయమంటారు?"

పరీక్షలకని బడికి సెలవిస్తే చాప మీద పుస్తకం ముందేసుకుని కూర్చున్న కూతురు తలెత్తింది. "అమ్మా, నేను నాన్నకి రోజూ నేర్పిస్తుంటే నువ్వు వింటూనే ఉన్నావు కదా?"

"నువ్వు చదువుకో" అంది తల్లి.

అతనికి కోపం రాలేదు. రావలసినంత వచ్చి ఉంటే బాగుండేది. తనెవరికీ ఏమీ కానట్టు, ఇంట్లో కూడా ఎవరి బదులో కూర్చున్నట్టు అనిపించి, నీరుగారిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే లేవలేదు.

సాయంత్రం తోడల్లుడి కొడుకు బండి మీద వచ్చాడు. చిన్నప్పుడు సైకిల్ ముందు కడ్డీ మీద ఇతను బడికి దింపిన పిల్లాడే. చెప్పులు విడిచి, మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబాయ్, నామీద మనసులో ఏం పెట్టుకోకు. అంతా నాన్నే చేశాడు. నాకా వాల్వులూ అవీ తెలియవు. పొద్దున్నే లేవడం నా వల్ల కాదు, దుకాణం కూడా చూసుకోవాలి. రేపట్నుంచి నువ్వే వెళ్ళు. పాత పద్ధతే. మేస్త్రితో మాట్లాడేశాను."

కుర్రాడు కొంచెం ఇబ్బందిగా కదిలి, మళ్ళీ తనే అన్నాడు.

"మేడమ్ అటువైపు వస్తే మాత్రం నువ్వు పక్కకెళ్ళిపో బాబాయ్. ట్యాంకు పని చూడ్డానికి ఆ టోపీ పెద్దావిడ కూడా వస్తుంటుందట. ఇంగ్లీషులో ఎవరైనా పలకరిస్తే రానట్టే ఉండు. పోస్టులో ఉన్నది నేను, నాకు రాదుగా, అనుమానమొస్తుంది."

అతను నేలకేసి చూస్తున్నాడు. నోరు తెరిచి కాదంటాడేమోనని భయమేసిందో ఏమో, భార్య గబగబా చేట పక్కన పెట్టి లేచింది.

"ఉంటార్లే నాయనా. పొద్దున్నే వెళ్తారు. నువ్వెళ్ళి హాయిగా పడుకో" అంది.

అతను కాదనలేదు. మర్నాడు ఆ వీధుల్లో నీళ్ళు వేళకే వచ్చాయి.